పొరుగు పాఠాలు – 3: ఒప్పందాన్ని పెన్సిల్ పట్టుకుని చదవడం

పోయిన భాగంలో పటం గీశాం. యూరోపియన్ యూనియన్ 2004లో తెచ్చిన పొరుగు విధానం కిందికి తూర్పున 6 దేశాలు, దక్షిణాన మధ్యధరా చుట్టూ 10, మొత్తం 16 వస్తాయని చూశాం. మీరు గీసి పంపిన పటాల్లో రెండిట్లో టర్కీ కూడా ఉంది. టర్కీ పొరుగుదే, కాదనను. కానీ 1999 నుంచే అది సభ్యత్వం కోసం వరుసలో నిలబడిన దేశం. దాని ఖాతా వేరు. రబ్బరుతో చెరిపేయండి.

ఈసారి పని ఒక్కటే: ఆ పొరుగు దేశాలతో యూనియన్ చేసుకునే ఒప్పందం చదవడం. పీజీలో అంతర్జాతీయ సంబంధాలు తీసుకున్న పిల్లలు ఒప్పందం గురించి రాసిన వ్యాసాలు పది చదువుతారు గానీ, ఒప్పందాన్ని మాత్రం ముట్టుకోరు. నేనూ ఆ బాపతే. ఆ కథ చివర్లో చెప్తాను.

ముందు ఈ వ్యవహారం తీరు అర్థం కావాలి. ధర్మవరంలో మగ్గం నేసే ఇంటికి ఎప్పుడైనా వెళ్లారా? మగ్గం నేతగాడిది, చెయ్యి అతనిది. డిజైన్ మాత్రం షావుకారుది. జరీ ఏది వాడాలో, బుటా ఎంత దూరంలో రావాలో ఆయనే చెప్తాడు. చెప్పినట్టు నేస్తే చీర కొంటాడు. కొట్టులో భాగం మాత్రం అడగకూడదు. 2002లో యూనియన్ పాలన నడిపే యూరోపియన్ కమిషన్‌కు అప్పటి అధ్యక్షుడు రొమానో ప్రోడీ పొరుగు దేశాలకు చెప్పిందీ ఇంచుమించు ఇదే: మాతో అన్నీ పంచుకోవచ్చు, మా సంస్థల్లో కుర్చీ తప్ప. మా మార్కెట్‌లోకి రండి, కానీ మా రూల్స్ మీ దేశంలో పెట్టుకుని రండి. ఆ రూల్స్ రాసే గదిలో మీకు ఓటు ఉండదు.

ఇప్పుడు ఉక్రెయిన్ ఒప్పందం తీసుకుందాం. పీఠిక, 486 అధికరణాలు, ఆపైన అనుబంధాలు. అన్నీ కలిపితే 2,000 పేజీలు దాటుతుంది. కొంత భాగం ప్రింట్ తీయిద్దామని అనంతపురం టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ తీసుకెళ్తే, అక్కడి పిల్లోడు పేజీల లెక్క చూసి, "ఏంది సార్, ఏమన్నా కోర్టు కేసా?" అన్నాడు. ఒక రకంగా అంతే. పీఠిక, మొదటి పది అధికరణాలు, ఏదైనా ఒక అనుబంధం తీయించుకోండి. ఈ వారానికి అది చాలు.

పీఠికను చాలామంది పెళ్లి పత్రికలో శ్లోకంలా దాటేస్తారు. ఆగి చదవండి. 2014 జూన్ 27న ఉక్రెయిన్, మాల్డోవా, జార్జియా ఒకే రోజు సంతకాలు పెట్టాయి (ఉక్రెయిన్ రాజకీయ భాగం మీద మార్చిలోనే పెట్టింది). ఉక్రెయిన్, మాల్డోవా పీఠికల్లో ఆ దేశాన్ని 'యూరోపియన్ దేశం' అన్నారు. జార్జియా దగ్గరికొచ్చేసరికి 'తూర్పు యూరోపియన్ దేశం' అయింది. ఒక్క మాటే తేడా. కానీ యూనియన్ మూల ఒడంబడికలో 49వ అధికరణం ప్రకారం సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకునే హక్కు 'యూరోపియన్ రాజ్యానికే' ఉంది. 1987లో మొరాకో అడిగితే, మీరు యూరప్ కాదు పొమ్మన్నారు. ఇది గుర్తుపెట్టుకుని మళ్లీ పీఠిక చదవండి. ఆ 'తూర్పు' అనే మాట కింద గీత గీయాలని మీకే అనిపిస్తుంది.

తర్వాత క్రియాపదాలు. ఒప్పందం ఇంగ్లిష్ ప్రతిలో 'షల్' అని ఉంటే చేసి తీరాలి. 'షల్ ఎండెవర్' అని ఉంటే ప్రయత్నిస్తాం అని. పెళ్లి సంబంధం చూసి వెళ్లినవాళ్లు "ఏ సంగతీ ఫోన్ చేసి చెప్తాంలెండి" అంటారే, అది. ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో రెండు మాటలు రాయండి: ఎవరు చేయాలి, ఎప్పటిలోగా. రెండో మాటకు జవాబు దొరక్కపోతే అక్కడ సున్నా చుట్టండి. పది పేజీలయ్యాక ఆ సున్నాలు ఎవరి వాగ్దానాల పక్కన ఎక్కువ పడ్డాయో చూడండి.

అసలు బరువు అనుబంధాల్లో ఉంటుంది. యూనియన్ చట్టాల పేర్లు వరసగా ఇచ్చి, ఒప్పందం అమల్లోకి వచ్చాక ఇన్నేళ్లలోగా మీ చట్టాలు దీనికి సరిపెట్టుకోవాలని గడువు రాస్తారు. చూడ్డానికి టెలిఫోన్ డైరెక్టరీలా ఉంటుంది. ఒక్క వరస వెనక ఎంత పని ఉంటుందో మన శెనక్కాయతో చెప్తాను. మన దగ్గర రైతు కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు. గలగలమంటే ఆరినట్టు. వ్యాపారి నాలుగు కాయలు వలిచి, విత్తనం చూసి ధర చెప్తాడు. యూరప్ మార్కెట్‌కు ఆ చెవి చాలదు. బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం, నేరుగా తినే శెనక్కాయల్లో మొత్తం మీద కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు. అది కంటికి కనపడదు, చెవికి వినపడదు. ల్యాబ్ కావాలి, శాంపిల్ తీసేవాడు కావాలి, తడి తగలని గోడౌన్ కావాలి, సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు కావాలి. మనం సరుకు అమ్మేంతవరకే ఈ బాధ పడతాం. ఒప్పందం మీద సంతకం పెట్టిన పొరుగు దేశం మాత్రం ఇలాంటి రూల్స్‌ను తన సొంత చట్టంగా రాసుకోవాలి, వాటిని నడిపే యంత్రాంగాన్ని తన ఖర్చుతో నిలబెట్టుకోవాలి. యూనియన్ సాయం డబ్బు ఇస్తుంది, నిజమే. కానీ 2011 నుంచి ఆ సాయానికీ ఒక సూత్రం తగిలించారు: ఎక్కువ సంస్కరణ చేస్తే ఎక్కువ సాయం.

తేదీల దగ్గర ఒక జాగ్రత్త. సంతకం ఒక తేదీ, తాత్కాలిక అమలు ఒక తేదీ, పూర్తి అమలు మరో తేదీ. ఉక్రెయిన్ వాణిజ్య భాగం 2016 జనవరి 1 నుంచి తాత్కాలికంగా నడిచింది, మొత్తం ఒప్పందం 2017 సెప్టెంబర్ 1న గానీ అమల్లోకి రాలేదు. మధ్యలో 2016 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్ ప్రజలు రెఫరెండంలో వద్దన్నారు. ఇది సభ్యత్వానికి హామీ కాదని డిసెంబర్‌లో యూనియన్ దేశాల నేతలు విడిగా కాగితం రాసిచ్చాకే డచ్ ప్రభుత్వం ఆమోదానికి కదిలింది. పరీక్షలో 'ఒప్పందం ఎప్పుడు జరిగింది' అని అడిగితే ఏ తేదీ రాస్తున్నారో చెప్పి రాయండి.

ఇక నా కథ. 2013 నవంబర్ 22, శుక్రవారం. ఆ రోజు నా సెమినార్. వచ్చే వారం లిథువేనియా రాజధాని విల్నియస్‌లో జరిగే శిఖరాగ్ర సమావేశంలో ఉక్రెయిన్ సంతకం పెట్టబోతోందని ఇస్త్రీ చొక్కా వేసుకుని ధీమాగా చదివాను. చివరి బెంచీలో ఒకమ్మాయి ఫోన్ చూసి చెయ్యెత్తింది. "నిన్ననే ఆపేశారంట కదా సార్?" నేనింకా స్టూడెంట్‌నే, సార్ అన్నది వెటకారానికే. నిజంగానే ముందురోజు ఉక్రెయిన్ ప్రభుత్వం సంతకానికి సిద్ధమయ్యే పని నిలిపేసింది. క్లాసంతా నవ్వింది. మా గైడ్ మాత్రం నవ్వలేదు. నా పేపర్ తీసుకుని మార్జిన్‌లో రాసిచ్చారు: "ఎవరు చేయాలి? ఎప్పటిలోగా?"

వార్త చూసుకోకపోవడం చిన్న తప్పు. ఒప్పందం వల్ల వచ్చే లాభాలు మాత్రమే చదవడం పెద్ద తప్పు. లాభం పదేళ్లకు, ఖర్చు ఇవాళే. పక్కనే రష్యా. ఆ ఆగస్టులోనే అది ఉక్రెయిన్ సరుకును సరిహద్దులో ఆపి తనిఖీలు బిగించింది. సెప్టెంబర్‌లో అర్మేనియా తన ఒప్పందం చర్చలన్నీ పూర్తయ్యాక కూడా రష్యా కస్టమ్స్ కూటమిలో చేరతానని తిరిగిపోయింది. ఇవన్నీ పేపర్లో వచ్చినవే. మార్జిన్‌లో ఆ రెండు ప్రశ్నలూ ఉంటే, జవాబు వెతుక్కుంటూ వాటి దగ్గరికి వెళ్లేవాణ్ని.

వచ్చే ఆదివారంలోగా చేయాల్సిన పని: జార్జియా ఒప్పందం పీఠిక, మొదటి పది అధికరణాలు. పెన్సిల్‌తోనే, హైలైటర్ వద్దు. హైలైటర్ పడితే పేజీ అంతా పసుపైపోతుంది, ఏది ముఖ్యమో మళ్లీ తెలీదు. నాలుగో భాగంలో దక్షిణానికి వెళ్దాం. 1995లో సంతకం పెట్టిన ట్యునీషియా ఒప్పందాన్ని పక్కన పెట్టుకుని కూర్చోండి.