బ్యాటరీ లైటు ఆరకపోతే: కొత్త బ్యాటరీ కొనేముందు చూడాల్సినవి

డ్యాష్‌బోర్డులో ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలగ్గానే చాలామంది బ్యాటరీ షాపుకు పోతారు. ఆ లైటుకు అర్థం ఛార్జింగ్ సరిగ్గా లేదని. తప్పు చాలాసార్లు డైనమోలోనో (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు), బెల్టులోనో, వైరులోనో ఉంటుంది. ముందు బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మీద మల్టీమీటరు పెట్టండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు వేస్తే 13.8 నుంచి 14.5 దాకా రావాలి.

ఇంజిన్ నడుస్తున్నా 12.5 దాటడం లేదు
ఇంజిన్ ఆపి బెల్టు చూడండి: పగుళ్లు, వదులు, అద్దంలా నునుపెక్కిన అంచు. బెల్టు తెగి ఉంటే బండి కదపొద్దు. చాలా కార్లలో వాటర్ పంపు కూడా దాని మీదే తిరుగుతుంది, ఇంజిన్ వేడెక్కి సిలిండర్ హెడ్ పోతుంది. బెల్టు బాగుంటే మెయిన్ ఫ్యూజు చూడండి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, డైనమో ప్లస్ బోల్టుకూ బ్యాటరీ ప్లస్‌కూ మధ్య కొలవండి. 0.3 వోల్టు దాటితే వైరులోనో దాని చివరి లగ్గులోనో తుప్పు. ఇవన్నీ సరిగ్గా ఉంటే డైనమోలోని కార్బన్ బ్రష్‌లు, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు చూడాలి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాతి దుమ్ములో తిరిగే బండ్లకు బ్రష్‌లు ముందే చూపించడం మంచిది.

లైటు మసకగా వెలుగుతోంది
డైనమోలో ఏసీని డీసీగా మార్చే డయోడు మీద అనుమానం. డయోడు పోతే, ఇంజిన్ నడుస్తుండగా మీటరును ఏసీకి మార్చి బ్యాటరీ మీద కొలిస్తే 0.5 వోల్టు దాటుతుంది. ఇదే డయోడు రాత్రిపూట బ్యాటరీని ఖాళీ చేస్తుంది కూడా.

15 వోల్టులు దాటుతోంది
రెగ్యులేటరు పోయింది, వెంటనే మార్చండి. బ్యాటరీ ఉడికి నీళ్లు తగ్గిపోతాయి. మన ఎండలకు నీళ్లు మామూలుగానే తగ్గుతాయి కాబట్టి, మూతలు తీసే రకం బ్యాటరీ అయితే ఏప్రిల్, మే నెలల్లో తరచూ చూసుకోండి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి.

ఏబీఎస్, స్టీరింగ్ లైట్లు ఒకేసారి వెలిగాయి
అన్నీ ఒకేసారి చెడిపోవు. వోల్టేజీ పడిపోయి ఉంటుంది. టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూడండి. ముందు మైనస్ తీసి, తెల్లటి పొక్కును వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించండి. మైనస్ చివర్లో పెట్టాలి.

ఛార్జింగ్ బాగుంది, పొద్దున సెల్ఫ్ పట్టదు
కీ తీసి, తలుపులు మూసి అరగంట ఆగాక మైనస్ వైరులో అమ్మీటరు కలపండి. 50 మిల్లీఆంపియర్లు దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో, కరెంటు లాగే దొంగ ఆ లైన్లో ఉన్నాడు. ఎక్కువగా బయట బిగించిన స్టీరియో, జీపీఎస్ దగ్గర దొరుకుతాడు. మీటరు కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు.

డైనమో పనిచేస్తోందో లేదో చూడ్డానికి నడుస్తున్న బండిలో టెర్మినల్ పీకే అలవాటు ఇంకా కొందరికి ఉంది. దయచేసి చేయనివ్వకండి. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజీకి ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరు) కాలిపోవచ్చు.