పాత డీజిల్ బండికి గాలి తీసే ముందు

ఎండలు ముదిరేలోపు పాత జీపులకు, అంబాసిడర్లకు డీజిల్ ఫిల్టర్ మార్పించుకొనేవారు విజయవాడలో ఇప్పటికీ ఉన్నారు. ఫిల్టర్ మార్చాక డీజిల్ పైపుల్లో గాలి పట్టడం, ముందు ఫిల్టర్ స్క్రూ, ఆపైన పంపు స్క్రూ, చివరకు ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్ పైపుల నట్లు వదులు చేసి ఆ గాలి తీయడం తెలిసిన పనే కనుక వివరించడం లేదు. ఇటీవల ఆటోనగర్‌లో ఒక కుర్రవాడు, ఇంజను తిరుగుతుండగానే, నాజిల్ పైపు దగ్గర తడి ఎక్కడిదో వేలితో తడిమి చూశాడు. సూది గుచ్చినంత చుక్క తప్ప గాయమేమీ కనబడలేదు. గుడ్డ చుట్టుకొని మళ్లీ పనిలో పడ్డాడు. రాత్రికి చేయంతా వాచింది. ఆపరేషన్ చేసినా వేలు దక్కలేదు.

టైరులో ఉండే గాలి పీడనం రెండు బార్ల పైచిలుకు. పాత ఇంజనులోనైనా నాజిల్ తెరుచుకొనే పీడనం 100 బార్లకు పైమాటే. సన్నని చీలిక నుంచి ఆ వేగంతో చిమ్మిన డీజిల్ చర్మాన్ని దూసుకుపోయి, లోలోపల పాకి కండను చంపుతుంది. లీకును వేలితో వెతకవద్దు. పొడవైన అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. అసలు గాలి చొరబడేది ట్యాంకుకు, అందులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకు నడుమ, పంపు పీల్చుకొనే వైపున. అక్కడ తడి కనబడకపోవచ్చు కనుక నాజిల్ దగ్గర తడిమినందువల్ల ప్రమాదమే తప్ప ప్రయోజనం లేదు.

గుచ్చుకున్నట్టు అనుమానం కలిగినా టీటీ సూదితో సరిపెట్టుకోక, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పండి.

ఇంజను చల్లారాకనే స్పానర్ పట్టండి. మన డీజిల్‌కు ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకొనే వేడి) కనీస పరిమితి 35 డిగ్రీలు. మే నెలలో ఇక్కడ నీడలోనే 40 దాటుతుంది, కనుక దగ్గర బీడీ వెలగకూడదు. గేరు న్యూట్రల్‌లో ఉంచండి. నట్టు అరచుట్టు వదిలితే చాలు. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టవద్దు, నిమిషం ఆగండి. స్టార్టు చేసేందుకు లోపల వేడెక్కించే హీటర్ ప్లగ్గులున్న ఇంజనుకు, త్వరగా అందుకుంటుందని ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టవద్దు. కామన్ రైల్ బండికి (నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త తరహా ఇంజనుకు) నాజిల్ నట్టు ముట్టవద్దు, అందులో పీడనం 1000 బార్లు దాటుతుంది. బండి అందుకున్నాక తడి దగ్గర వేలు పెట్టవద్దు, గుడ్డతో తుడవనూ వద్దు. ముందు ఇంజను ఆపండి. తీసిన గాలి మర్నాటికే మళ్లీ పడితే ట్యాంకు వైపు రబ్బరు పైపులు, రాగి వాషర్లు మార్పించండి.