బెంగళూరులో మనసు బాగోలేకపోతే ఎవరి దగ్గరికి, ఎలా వెళ్లాలి?

మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉన్న రోజుల్లో ప్రతి ఆదివారం సాయంత్రం నాకు గుండెదడ మొదలయ్యేది. ఊపిరి ఆడేది కాదు, అరచేతులు తడిసిపోయేవి. గుండె జబ్బేమోనని భయపడి ఈసీజీ తీయించుకున్నాను. అంతా నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండి బాబూ" అన్నారు డాక్టరుగారు. అందుకు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుసుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. అంత కాలం మీకు పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే ఒంటరిగా ఉండకండి. ఎవరినైనా తోడు తీసుకుని దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. బెంగళూరులో మానసిక, నరాల జబ్బులకు చూసే ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

ముందు కాగితం మీద పెట్టండి

రెండు వారాలుగా ఎలా ఉందో రాసుకోండి. నిద్ర ఎన్ని గంటలు, తిండి సహిస్తోందా, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఇప్పుడూ ఇష్టం ఉందా, ఆఫీసులో పని సాగుతోందా. డాక్టర్లు మొదట అడిగేవి ఇవే. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ మనసు మొద్దుబారినట్టుండి, పనులు కుంటుపడుతుంటే ఇక ఆగొద్దు.

రాసేది తెలుగులో రాయండి. ఇంగ్లీషులో నేను అన్నిటికీ కలిపి 'స్ట్రెస్' అనేవాడిని. తెలుగులో రాయబోతే ఒక్కోదానికి ఒక్కో మాట దొరికింది. ఇంటి మీద ఉన్నది బెంగ. రేపు ఏదో జరుగుతుందని కడుపులో తిరిగేది గుబులు. మీటింగులో పేరు పిలవగానే వచ్చేది గాభరా. ఏ కారణమూ లేకుండా పొద్దున్నే మంచం మీద నుంచి లేవనివ్వనిది దిగులు. ఆ కాగితం చూపించాక డాక్టరుకు నన్ను ఏం అడగాలో తెలిసింది.

ఎవరు ఏం చేస్తారు

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు. ఇక్కడ చెప్పే ముగ్గురిలో మందులు రాయగలిగేది వీరే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో, సాధనతో థెరపీ చేస్తారు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడిగి తెలుసుకోండి. ఇక కౌన్సిలర్ అన్న బోర్డు రకరకాలవాళ్లు పెట్టుకుంటారు. చక్కగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు, వారాంతపు కోర్సు చేసినవాళ్లూ ఉన్నారు. నేను మొదట కలిసిన కౌన్సిలర్ పావుగంట విని "పెళ్లి చేసుకోండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. ఆ సలహా మా పెద్దమ్మ ఊరికే ఇస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి

హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్ పేరు చెబితేనే మనవాళ్లు కంగారుపడతారు. నిజానికి అక్కడ ఫిట్స్, పక్షవాతం లాంటి నరాల జబ్బులకూ చూస్తారు, కాబట్టి క్యూలో మిమ్మల్ని చూసి ఎవరూ ఏమీ అనుకోరు. రాయలసీమ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ, తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. ఖర్చు తక్కువే గానీ సమయం పడుతుంది. ఆ రోజుకు సెలవు పెట్టి పొద్దున్నే వెళ్లండి. ముందు ఒక చిన్న డాక్టరు మీ కథంతా వివరంగా రాసుకుంటారు, తర్వాత పెద్ద డాక్టరు చూస్తారు. పాత రిపోర్టులు, మీ కాగితం, తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి. ఆసుపత్రి మెట్లెక్కడానికి మనసొప్పకపోతే బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్లదే వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది.

ప్రైవేటులో సెషన్‌కు వెయ్యి నుంచి రెండు మూడు వేలు అడుగుతారు. సెషన్ ముప్పావుగంట నుంచి గంట. వెళ్లేముందు ఫోన్ చేసి, "నమస్తే అండీ, నాకు కొన్నాళ్లుగా ఆందోళనగా ఉంటోంది. మీ చదువేంటి, ఫీజెంత, తెలుగులో మాట్లాడొచ్చా?" అని అడిగేయండి. మొహమాటం వద్దు. ఏడుపొచ్చేటప్పుడు ఇంగ్లీషు వ్యాకరణం వెతుక్కోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్నవారితో ఆన్‌లైన్‌లోనూ చేయొచ్చు. పీజీలో రూమ్మేట్ ఉంటాడు కాబట్టి చోటు ముందే చూసుకోండి. నేను డాబా మీద, నీళ్ల ట్యాంకు వెనక కూర్చునేవాడిని.

వెళ్లాక

మొదటి సెషన్ అంతా ప్రశ్నలే. ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడుగుతారు. అందరినీ అడుగుతారు, ఉలిక్కిపడకండి, దాచకండి. ఆలోచనల, అలవాట్ల తీరు మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అయితే వారానికోసారి చొప్పున కొన్ని నెలలు సాగుతుంది, ఇంట్లో చేయాల్సిన పనులూ ఇస్తారు. మూడు నాలుగు సార్లు వెళ్లినా కుదరలేదనిపిస్తే ఆ మాట వాళ్లతోనే చెప్పండి. అవసరమైతే మరొకరిని చూసుకోండి.

థైరాయిడ్ పరీక్ష రాస్తే చేయించుకోండి. అది తేడాగా ఉన్నా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తొలి రోజుల్లో వికారం, తలనొప్పి రావొచ్చు. పదో రోజున "ఏం లాభం" అని మానేసేవాళ్లు చాలామంది, నేనూ మానేసి మళ్లీ మొదటికొచ్చాను. ఈ మందులు మద్యంలా వ్యసనం కావు. నిద్రకు, గాభరాకు ఇచ్చే కొన్ని మాత్రలు మాత్రం అలవాటవుతాయి, వాటిని చెప్పినన్ని రోజులే వాడాలి. బాగున్నా సరే, మీ అంతట మీరు ఆపొద్దు.

ఆఫీసులో ఉద్యోగులకు ఉచిత కౌన్సెలింగ్ ఉందేమో కనుక్కోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలి. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, మీ పాలసీ చదువుకోండి.

ఇంట్లో అంతా ఒకేసారి విప్పి చెప్పక్కర్లేదు. "అమ్మా, నిద్ర పట్టట్లేదు, డాక్టరుకి చూపించుకుంటున్నా" అన్నాను. ఆమె దిష్టి తీసింది. తీయనిచ్చాను. ఆ రాత్రి మాత్ర కూడా తనే గుర్తుచేసింది.

సంక్రాంతికి ఊరికి బస్సెక్కేటప్పుడు మందులు డిక్కీలో వేసే బ్యాగులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి, ఊళ్లో ఉండే రోజులకంటే నాలుగు రోజులకు ఎక్కువే సరిపోయేలా. డాక్టరు చీటీ కూడా తీసుకెళ్లండి, అది లేకుండా చాలా షాపుల్లో ఇవ్వరు.