ఛాతీలో ఉబ్బిన గ్రంథులు: సార్కాయిడోసిసా, లింఫోమానా తేల్చుకోవడం ఎలా?

స్కానులో ఊపిరితిత్తుల నడుమ లింఫ్ గ్రంథులు ఉబ్బి కనిపిస్తే అది సార్కాయిడోసిస్ అనే అరుదైన జబ్బు కావచ్చు, క్షయ కావచ్చు, లింఫోమా అనే రక్త క్యాన్సర్ కూడా కావచ్చు. కణాల చురుకుదనాన్ని చూపే పెట్ స్కానులో ఈ మూడూ వెలుగుతాయి కనుక దాని ఆధారంగానే నిర్ణయానికి రావద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, బయాప్సీ (గ్రంథి నుంచి నమూనా తీసి పరీక్షించడం) పూర్తయ్యేదాకా, సార్కాయిడోసిస్‌కు వాడే స్టెరాయిడ్లు మొదలుపెట్టకుండా ఆగవచ్చా అని వైద్యుణ్ణి అడగడం. అవి లింఫోమా గడ్డలను తాత్కాలికంగా కరిగించి, రోగికి హాయి అనిపించేలా చేసి, అసలు జబ్బును కప్పిపుచ్చగలవు.

నమూనా ఎంత తీశారన్నదీ కీలకమే. లింఫోమాలో ఒక రకమైన హాడ్జ్‌కిన్ లింఫోమాలో క్యాన్సర్ కణాలు గ్రంథిలో అతి కొద్దిగా చెదిరి ఉంటాయి. సన్నని సూదికి అవి చిక్కకపోవచ్చు, పైగా వాటి చుట్టూ సార్కాయిడోసిస్‌లో కనిపించే గ్రాన్యులోమాలే (రోగనిరోధక కణాల చిన్న ముద్దలు) ఏర్పడవచ్చు. అందువల్ల రిపోర్టులో ‘గ్రాన్యులోమా’ అన్న మాట చూసి స్థిమితపడకుండా, క్యాన్సర్ కణాలపై ఉండే సీడీ30, సీడీ15 వంటి గుర్తులను వెతికే ఇమ్యునో పరీక్షలు, క్షయ క్రిములను పెంచి చూసే కల్చర్ చేశారో లేదో కనుక్కోండి. అనుమానం మిగిలితే పెద్ద ముక్క తీయించమని కోరండి. మైనపు దిమ్మెల్లో భద్రపరిచిన పాత నమూనాను రక్త వ్యాధుల పాథాలజిస్టుకు (నమూనాలు పరీక్షించే నిపుణుడికి) మళ్లీ చూపించవచ్చు. ఈ అవకాశాన్ని చాలామంది వాడుకోరు.

38 డిగ్రీల సెల్సియస్ దాటే జ్వరం, బట్టలు తడిసే రాత్రి చెమటలు, 6 నెలల్లో 10 శాతానికి మించి బరువు తగ్గడం ఉంటే వైద్యుడికి తప్పక చెప్పండి. ముఖం, మెడ ఉబ్బి ఊపిరి ఆడకపోతే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.