కన్వర్టిబుల్‌లో సీటు వెనక నీళ్లు చేరితే నేనేం చేశానంటే

ఈ కన్వర్టిబుల్ (బట్ట టాప్‌ని మడిచి తెరుచుకునే కారు) కొని ఐదు నెలలు కూడా కాలేదు, నవంబరులో ఓ రోజు పొద్దున తలుపు తీస్తే తడి గుడ్డ వాసన. నేనుండేది సియాటెల్ పక్కన రెడ్‌మండ్‌లో, ఇక్కడ చలికాలమంతా ముసురే. డ్రైవర్ సీటు వెనక కార్పెట్ నొక్కితే నీళ్లు ఊరాయి. కొత్త కారు, టాప్ బట్ట ఎక్కడైనా చిరిగిందేమోనని ఎంత టెన్షన్ పడ్డానో!

బట్ట బాగానే ఉంది. అసలు సంగతేంటంటే, టాప్ మీద పడిన వాన దాని వెనక అంచునున్న కాలువలోకి జారి, అక్కడి రంధ్రం నుంచి రబ్బరు గొట్టం గుండా వెనక చక్రం దగ్గర కిందికి పోవాలి. మా ఇంటి ముందున్న డగ్లస్ ఫర్ చెట్టు ఆకులు, సూదుల్లా ఉంటాయి కదా, అవి ఆ రంధ్రంలో చేరి మట్టితో కలిసి బిరడాలా బిగుసుకున్నాయి.

టాప్ సగం తెరిచి ఆపి, చెత్త చేత్తో ఏరి, గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగని మెల్లగా లోపలికి తోశాను. గాలి ప్రెషర్ మాత్రం కొట్టకండి, లోపల గొట్టం జాయింటు ఊడితే నీళ్లన్నీ కారులోకే వస్తాయి. తర్వాత గ్లాసుడు నీళ్లు పోస్తే చక్రం పక్కన ధారగా కారాయి, ప్రాణం లేచొచ్చింది.

కార్పెట్ పైన ఆరినట్టున్నా అడుగునున్న ఫోమ్ నీళ్లు పట్టుకునే ఉంటుంది, అక్కడే వైర్లు కూడా. అందుకే దాన్ని ఎత్తిపెట్టి రెండు రోజులు డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగేసే మిషన్) నడిపాను. ఇప్పుడు నెలకోసారి ఆ రంధ్రాలు చూస్తున్నాను, తడి టాప్‌ని మడిచిపెడితే బూజు పడుతుంది కాబట్టి ఆరాకే తెరుస్తున్నాను, ఆ చెట్టు కింద పార్కింగ్ మానేశాను.