అమెరికాలో మొదటి ఇంటర్వ్యూకి వెళ్లేముందు

ఎమ్మెస్ అయిపోయి ఓపీటీ (చదువు తర్వాత స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసుకునే అనుమతి) మొదలైతే మన పిల్లల గదుల్లో ఒకటే లెక్క నడుస్తుంది. ఈఏడీ కార్డు, అంటే పని అనుమతి కార్డు మీద ఉన్న మొదటి తేదీ నుంచి ఉద్యోగం లేని రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. ఆ టెన్షన్‌తో ఇంటర్వ్యూలో కూర్చుంటే గొంతులోనే తెలిసిపోతుంది. కొన్నేళ్ల క్రితం డాలస్‌లో నేనూ అలాగే కూర్చున్నాను. ఇప్పుడు ప్రశ్నలు అడిగే కుర్చీలో ఉన్నాను. పని బాగా వచ్చిన మనవాళ్లు ఒక్క అలవాటు వల్ల ఉద్యోగం పోగొట్టుకోవడం చూస్తుంటే బాధేస్తోంది.

ఆ అలవాటు "మేము" అనడం.

"నేను నేను అని చెప్పుకోకూడదు" అని చిన్నప్పటి నుంచి విని పెరిగాం. అందుకే ప్రాజెక్టు గురించి అడిగితే నోట్లోంచి "వుయ్" అనే వస్తుంది. వుయ్ డెవలప్డ్, వుయ్ టెస్టెడ్. అది మన సంస్కారమే, కాదనను. కానీ ఇంటర్వ్యూ చేసేవాళ్లు పక్కన నోట్స్ రాసుకుంటూ ఉంటారు. తర్వాత అందరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు "ఈ మనిషి సొంతంగా ఏం చేశాడు?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. నోట్స్‌లో అంతా "టీమ్" అనే ఉంటే, మీ తరఫున మాట్లాడాలని ఉన్నా నా దగ్గర మాట ఉండదు.

ఒక అమ్మాయిని "అందులో నువ్వేం చేశావు?" అని మూడుసార్లు అడిగాను. నాలుగోసారి చెప్పింది. రాత్రిపూట నడిచే రిపోర్టుకి 40 నిమిషాలు పట్టేదట. ఏ క్వెరీ దగ్గర ఆగిపోతోందో తనే వెతికి పట్టుకుని, ఇండెక్స్ వేసి, ఆరు నిమిషాలకి తెచ్చిందట. అంత మంచి పని చేసి, దాన్ని అరగంటసేపు దాచిపెట్టింది!

కాబట్టి ముందే నాలుగైదు అనుభవాలు రాసి పెట్టుకోండి. సమస్య ఏమిటి, నా వంతు ఏమిటి, నేనేం చేశాను, చివరికి ఏమైంది. ఇక్కడ దీన్నే స్టార్ పద్ధతి అంటారు. ఒక్కోటి రెండు నిమిషాల్లో పైకి చెప్పి చూసుకోండి. ఒకటి మీరు తప్పు చేసి సరిదిద్దుకున్నది అయి ఉండాలి, అది తప్పకుండా అడుగుతారు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే నాన్నగారి ఉద్యోగం, టెన్త్ మార్కులు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఈ ఉద్యోగానికి పనికొచ్చేది ఏం చేశారు, అంతే.

మన ఇంగ్లిష్‌లో కొన్ని మాటలు ఇక్కడ వేరే అర్థమిస్తాయి. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మీకు నమ్మకం కుదరలేదని అనుకుంటారు, "క్వశ్చన్" అనండి. "పాస్డ్ అవుట్ ఇన్ 2023" అంటే స్పృహ తప్పి పడిపోయారని అర్థం, "గ్రాడ్యుయేటెడ్" అనాలి. "ప్రీపోన్" చాలామందికి తెలియదు. లక్షల్లో లెక్క చెప్పకండి. వింటున్నప్పుడు మనం తల అటూ ఇటూ ఊపుతామే, అది వాళ్లకి "కాదు" అన్నట్టు కనిపిస్తుంది. "అవును" అని నోటితో చెప్పేయండి. సర్, మేడమ్ అక్కర్లేదు, పేరు పెట్టి పిలవడమే ఇక్కడి మర్యాద. మీ పేరు మాత్రం మొదట్లోనే ఒకసారి నిదానంగా పలికి, ఎలా పిలవాలో చెప్పండి. వాళ్ల నోరు తిరగదని పేరు మార్చుకోవాల్సిన పనిలేదు.

వీసా విషయం అడిగితే తడబడకండి. ఇప్పుడు పనిచేయడానికి అనుమతి ఉందా అంటే ఉంది. ముందు ముందు స్పాన్సర్‌షిప్, అంటే కంపెనీయే మీ వీసాకి దరఖాస్తు చేయడం, కావాలా అంటే కావాలి. రెండూ నిజమే చెప్పండి. మీది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితే ఇంకో 24 నెలల పొడిగింపు ఉంటుందని, దానికి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) ఉండాలని కూడా చెప్పండి. చాలామంది మేనేజర్లకు ఇది తెలియదు.

ఇంకో మాట, అన్నలా చెబుతున్నాను. మీకు లేని ఏడేళ్ల అనుభవం రెజ్యూమెలో పెడతామనీ, మీ బదులు ఇంకొకరు మాట్లాడతారనీ చెప్పేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. ఒప్పుకోకండి. వీడియో ఇంటర్వ్యూలో పెదాల కదలికకీ గొంతుకీ పొంతన లేకపోతే ఇవతల కూర్చున్నవాళ్లకి కనిపిస్తుంది. ఉద్యోగం వచ్చినా, తర్వాత గ్రీన్ కార్డ్ కాగితాల్లో అనుభవం రుజువు చేయాల్సి వచ్చినప్పుడు ఆ అబద్ధం మళ్లీ ఎదురవుతుంది.

బట్టల గురించి పెద్దగా ఆలోచించకండి. ఇస్త్రీ చేసిన కాలర్ చొక్కా చాలు. టైమ్ జోన్ మాత్రం రెండుసార్లు చూసుకోండి. న్యూయార్క్‌లో పది గంటలైతే డాలస్‌లో తొమ్మిది, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడు. ప్రశ్నకి జవాబు వెంటనే తట్టకపోతే "ఒక్క నిమిషం ఆలోచించుకుంటాను" అని అడగండి, ఎవరూ తప్పు పట్టరు. తెలియనిది తెలియదని చెప్పి, ఎలా కనుక్కుంటారో చెప్పండి.

చివర్లో "మమ్మల్ని ఏమైనా అడగాలా?" అంటారు. లేదనకండి. చేరిన మొదటి మూడు నెలల్లో నా నుంచి ఏం ఆశిస్తారు అని అడిగితే, వాళ్ల అసలు అవసరం ఏమిటో అప్పుడే బయటపడుతుంది. ఆ రోజో మర్నాడో థాంక్స్ చెబుతూ నాలుగు వాక్యాల మెయిల్ పంపండి. అందులో మాట్లాడుకున్న విషయం ఒక్కటైనా పేరుతో రాయండి. వారం దాటినా కబురు లేకపోతే ఒక్కసారి అడిగి, మరుసటి అప్లికేషన్ పనిలో పడండి.