సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్: కొన్నాక బయటపడే సమస్యలు, వాటి పరిష్కారాలు

రిపేరుకని నా దగ్గరికి వచ్చే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలించుకున్న డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు, లెనోవో థింక్‌ప్యాడ్‌లు. ఇవి గట్టివి కాబట్టి కొనవద్దని నేను ఎవరికీ చెప్పను. కొనే తీరు మీదే నాకు విసుగు. మూత మీది గీతలు లెక్కపెట్టి, యూట్యూబ్‌లో ఒక పాట పెట్టి విని, డబ్బు ఇచ్చేసి వస్తారు. ఒకసారి షట్‌డౌన్ చేసి, మళ్లీ ఆన్ చేస్తూ డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10, థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలోకి) వెళ్లి చూసేవారు అరుదు. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే బేరం అంతటితో వదిలేయాలి. అడగకపోతే, తెర మీది సీరియల్ నంబరు అడుగున ఉన్న స్టిక్కర్‌తో సరిపోయిందో లేదో చూసుకోవాలి. ఇదంతా రెండు నిమిషాల పని.

సమస్య: ఛార్జర్ పెట్టి ఉన్నా ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంది, బ్యాటరీ శాతం పెరగదు.

విండోస్ మళ్లీ వేయించడానికి పరుగెత్తకండి, ముందు ఛార్జర్‌ను అనుమానించండి. డెల్ ఛార్జర్ పిన్ను మధ్యలో ఉండే సన్నని ముల్లు ద్వారా, తాను ఎన్ని వాట్ల అడాప్టరో ల్యాప్‌టాప్‌కు తెలుస్తుంది. అమ్మినవారు జత చేసిన నకిలీ ఛార్జర్ వల్లనో, ఆ ముల్లు విరగడం వల్లనో ఆ సమాచారం అందకపోతే ల్యాప్‌టాప్ బ్యాటరీకి ఛార్జింగ్ ఆపేసి, ప్రాసెసర్ వేగాన్ని కూడా తగ్గించేస్తుంది. బయోస్‌లో అడాప్టర్ వాట్లు కనిపించకుంటే అసలు ఛార్జర్ ఒకటి తెచ్చి పెట్టి చూడాలి. దానితోనూ కనిపించకపోతే తప్పు ఛార్జింగ్ జాక్‌లోనో బోర్డులోనో ఉన్నట్టు.

సమస్య: బ్యాటరీ గంటసేపు కూడా నిలవదు.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్ నుంచి బ్యాటరీ రిపోర్టు తీసి, తయారైనప్పటి సామర్థ్యాన్నీ, ఇప్పుడు పూర్తిగా ఛార్జ్ అయితే పట్టే సామర్థ్యాన్నీ పోల్చి చూడాలి. మొదటిది 60,000 మిల్లీవాట్-అవర్లు ఉండి రెండోది 30,000 దగ్గర ఉంటే కొత్త బ్యాటరీ ధరను బేరంలో తగ్గించుకోవాలి. పాత ల్యాప్‌టాప్‌లో రెండు అంకెలూ అచ్చంగా ఒకటే ఉన్నాయంటే అది చవక నకిలీ బ్యాటరీ అయ్యే అవకాశం ఎక్కువ.

సమస్య: విండోస్ 11 ఎక్కడం లేదు.

దీనికి మందు లేదు. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మాత్రమే అనుమతి ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. 'ఐ5' అన్న మాట విని మురిసిపోకుండా దాని పక్క అంకె చూడాలి: ఐ5-7300యూ ఏడో తరం, ఐ5-8350యూ ఎనిమిదో తరం. ధరలో తేడా కొద్దిగానే ఉన్నా, పనికి వచ్చే కాలంలో తేడా చాలా ఉంటుంది.

సమస్య: నెలల తరబడి బాగా పనిచేసిన ల్యాప్‌టాప్‌ను రీసెట్ చేయగానే ఏదో కంపెనీ పేరుతో స్వాగతం పలికి, ఆఫీసు ఈమెయిల్ అడుగుతుంది.

నేను స్వయంగా దెబ్బతిన్నది ఇక్కడే. మా మేనల్లుడు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు నేనే చూసి, బయోస్ తెరిచి, బ్యాటరీ రిపోర్టు తీసి మరీ ఒక లాటిట్యూడ్ కొనిచ్చాను. నాలుగు నెలల తరువాత వాడు డిస్క్ నిండిపోయిందని రీసెట్ కొట్టి, వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఆ వెంటనే మేమెన్నడూ వినని ఒక కంపెనీ లోగో, దాని కింద ఉద్యోగి ఈమెయిల్ కోసం ఒక ఖాళీ గడి వచ్చాయి. 'మామయ్యా, ఇది నాది కాదంటోంది' అని ఫోన్ చేశాడు. నేను పెన్‌డ్రైవ్‌తో విండోస్ కొత్తగా వేశాను, ఆ తరువాత ఎస్ఎస్‌డీ డిస్క్ కూడా మార్చాను. అయినా నెట్ తగలగానే అదే లోగో వచ్చింది.

కారణం డిస్క్‌లో లేకపోవడమే ఇందులోని మాయ. కంపెనీలు కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నప్పుడు వాటి హార్డ్‌వేర్ గుర్తింపును మైక్రోసాఫ్ట్ వారి ఆటోపైలట్ అనే సేవలో తమ ఖాతా కింద నమోదు చేసుకుంటాయి. విండోస్ మొదటిసారి సెటప్ అవుతూ నెట్‌కు తగలగానే 'నేను ఎవరి దానిని?' అని ఆ సర్వర్‌ను అడుగుతుంది. ఆ గుర్తింపు ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడినది కనుక ఫార్మాట్ చేసినా, డిస్క్ మార్చినా చెరగదు. ల్యాప్‌టాప్‌ను వదిలించుకునేటప్పుడు ఆ నమోదును తొలగించవలసింది కంపెనీ ఐటీ విభాగమే, అది మరిచిపోవడం మామూలు. అమ్మేవారు నెట్ లేకుండా సెటప్ ముగించి ఇస్తే అప్పటికి ఏమీ తెలియదు. అకౌంట్స్ సెట్టింగుల్లో ఆఫీసు ఖాతా లేదని చూసుకుని ధైర్యపడేవారు ఉన్నారు. నేనూ ఆ రోజు అలాగే ధైర్యపడ్డాను. అక్కడ ఖాళీగా ఉండటానికీ, సర్వర్‌లో నమోదు లేకపోవడానికీ సంబంధం లేదు.

కాబట్టి డబ్బు ఇవ్వకముందే, మీ కళ్లెదుటే ల్యాప్‌టాప్‌ను రీసెట్ చేయించి, సెటప్ మొదలవగానే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపాలి. విండోస్ ప్రోలో సొంతానికా, ఆఫీసుకా లేక చదువుకా అని అడిగే తెర వస్తే నమోదు లేనట్టే. ఆ తెర రాకుండా నేరుగా కంపెనీ పేరు వస్తే ఆ ల్యాప్‌టాప్ అక్కడే వదిలి రావాలి. గంట పడుతుందని అమ్మేవారు విసుక్కుంటారు, పడనివ్వండి. రీసెట్‌కు అసలే ఒప్పుకోకపోతే ఇక మాట్లాడవలసింది లేదు.

ఇప్పటికే కొన్నవారు బిల్లు ఉంటే తిరిగి ఇచ్చేయాలి. నేను బిల్లు తీసుకోలేదు, అమ్మినతను ఫోన్ ఎత్తలేదు. చివరకు తెర మీద కనిపించిన కంపెనీ ఐటీ విభాగానికి సీరియల్ నంబరు, స్టిక్కర్ ఫొటో జతచేసి, ఎప్పుడు ఎక్కడ కొన్నానో వివరంగా మెయిల్ రాశాను. లీజు ముగిశాక వారు తిరిగి అప్పగించిన బ్యాచ్‌లోనిదే కావడం వల్ల, రెండు వారాలకు నమోదు తీసేశామని జవాబు వచ్చింది. మళ్లీ రీసెట్ చేస్తే మామూలు తెర వచ్చింది. అటునుంచి అది దొంగిలించబడినదని జవాబు వస్తే మాత్రం పోలీసులకు అప్పగించడమే దారి, ఎందుకంటే దొంగ సొత్తని తెలిసీ ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. నెట్ లేకుండా మళ్లీ సెటప్ చేసుకోవడం పుండు మీద గుడ్డ కట్టడం లాంటిది; తరువాతి రీసెట్‌కు సమస్య తిరిగి వస్తుంది. చిక్కు విండోస్‌కే పరిమితం కనుక విండోస్‌కు బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే పని నడుస్తుంది, కానీ మళ్లీ అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పి అమ్మాలి.

మ్యాక్‌బుక్‌లలోనూ ఇదే కథ రిమోట్ మేనేజ్‌మెంట్, యాక్టివేషన్ లాక్ అనే పేర్లతో నడుస్తుంది. పరీక్ష కూడా అదే: ఎరేజ్ చేయించి, నెట్‌కు కలిపి చూడాలి.

మిగిలినవి చిన్నవి. వేడెక్కి ఆగిపోతే ఫ్యాన్ దుమ్ము దులిపి ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్చండి. మూత కదిపినప్పుడు మాత్రమే తెర మిణుకుమంటే కీలు దగ్గరి డిస్‌ప్లే కేబుల్ మార్పించండి.